గడీలో గది అద్దెకిచ్చేముందు

తెలంగాణ పర్యాటక శాఖ, వారసత్వ శాఖ అధికారులకు, గడీల వారసులకు, గడీలను లీజుకు తీసుకుని హోటళ్లు నడపాలనుకుంటున్న సంస్థలకు,

నమస్కారం.

ఊళ్లలో దొరలు ఉండిన పాత గడీలను, సంస్థానాల కోటలను హెరిటేజ్ హోటళ్లుగా మార్చాలన్న మాట మన దగ్గర కొన్నేళ్లుగా వినిపిస్తూనే ఉంది. రాజస్థాన్‌ను చూపించి, వాళ్లు చేసింది మనమెందుకు చేయకూడదని అడిగేవాళ్లున్నారు. నేను దీనికి వ్యతిరేకిని కాను. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే గడీ గురించి మా బోటి ఊళ్లవాళ్లు నోరు తెరిస్తే కూలగొట్టమంటారేమోనని మీలో కొందరికి అనుమానం ఉండొచ్చు. కూలగొట్టమని నేను అడగను. ఎవరూ చేయి వేయకుండానే అవి కూలిపోతున్నాయి. దూలాలకు చెదలు పట్టింది. మిద్దెల మీద రావి మొక్కలు మొలిచి వేళ్లు గోడల్లోకి దిగాయి. లంకెబిందెల ఆశతో రాత్రుళ్లు అర్రల్లో తవ్వి పోయేవాళ్లు తవ్వి పోతున్నారు. చెక్కడపు దర్వాజలు, టేకు స్తంభాలు ఊడదీసి అమ్మేస్తే పట్నంలో పాత సామాన్ల దుకాణాలకు చేరాయి. ఇంకో ఇరవై ఏళ్లు ఇట్లాగే వదిలేస్తే చూపించడానికి బురుజు మొండెం తప్ప ఏమీ మిగలదు. డబ్బు పెట్టి నిలబెట్టేవాళ్లు వస్తామంటే రానివ్వాలి.

నేను కోరేది ఒక్కటే. ఆ ఇల్లు ఎవరి చెమటతో లేచిందో, ఎవరి భయం మీద నడిచిందో, చివరికి ఎందుకు ఖాళీ అయిందో ఆ ఇంట్లోనే, వచ్చిన అతిథి కళ్లకు కనబడేట్టు చెప్పాలి. చెప్పి తీరాలన్నది లీజు పత్రంలో షరతుగా ఉండాలి. హోటల్ మేనేజర్ మంచితనానికి వదిలేసే సంగతి కాదిది.

మాది జగిత్యాల వైపు ఒక ఊరు. ఊరి పేరు రాయడం లేదు. అక్కడి గడీ వారసులతో ఇప్పుడు మాకు తగాదా ఏమీ లేదు, పైగా ఇది ఒక్క ఊరి ముచ్చట కాదు. గడీ అంటే ఏమిటో చూడనివాళ్ల కోసం మా ఊరి గడీ గురించే కొంచెం చెబుతాను. రెండు బురుజుల మధ్య ఎత్తైన గవని, అంటే కోట ద్వారం. లోపలికి పోతే పెద్ద వాకిలి, ఓ పక్క కచ్చేరి, దొర కూర్చునే ఎత్తరుగు. దాటితే నడిమిల్లు, చుట్టూ టేకు స్తంభాల వసారాలు, పైన మేడ. ఫొటోలు తీసుకోవడానికి వచ్చేవాళ్లందరూ ఈ స్తంభాల దగ్గరే ఆగిపోతారు. వెనక పెరట్లోకి ఎవరూ పోరు.

అక్కడ ధాన్యం నిలవ చేసే గరిసెల అర్ర పక్కన, బండలు పరిచిన నేలలో వరసగా రోళ్లు పాతి ఉన్నాయి. ఒక్కో రోలు లోతు ఒక్కో తీరు. దంచీ దంచీ అంచులు ఒకవైపే అరిగిపోయాయి, మనిషి నిలబడే వైపు. చేయి పెట్టి తడిమితే ఆ వైపు నున్నగా, అవతలి వైపు గరుగ్గా తగులుతుంది. పైన కప్పు లేదు. మా నాయినమ్మ పెండ్లయి ఆ ఊరికి వచ్చిన ఏడే ఆ రోళ్ల దగ్గరికి పోయింది. ఇంటికో మనిషి వంతు. కూలి లేదు. నూకలో తవుడో పెడితే పెట్టినట్టు, లేకుంటే లేదు. చంటిబిడ్డను ఇంటి దగ్గర వదిలి పోవాలి, నడుమ పాలిచ్చి వస్తానంటే ఒప్పుకోరు. ఆమె ఇదంతా ఏడుస్తూ చెప్పేది కాదు. "అప్పుడట్లనే ఉండె బిడ్డా" అనేది, అంతే.

రేపు హోటల్ వస్తే ఆ పెరడు ఏమవుతుంది? గడీ మొత్తంలో ఈత కొలను తవ్వడానికి అంత అనువైన జాగా ఇంకొకటి లేదు. ఏ ఆర్కిటెక్టు వచ్చి చూసినా ముందు దాని మీదే వేలు పెడతాడు. నడిమింటి స్తంభాలకు పాలిష్ పడుతుంది, మేడ మీది గదులకు పెద్ద పేర్లు పడతాయి, రోళ్లు మాత్రం జేసీబీ బకెట్‌లో పోతాయి. దొర ఇంటి అందమంతా మిగిలి, ఆ ఇంటిని మోసినవాళ్ల ఆనవాలు పోతుంది. ఈ లేఖ రాయడానికి కారణం ఆ భయమే.

ఈ సంగతులు మీకు తెలియవని కాదు. ప్రాజెక్టు రిపోర్టుల్లో ఇవి ఉండవు కాబట్టి రాస్తున్నాను. దేశ్‌ముఖ్‌లు, దేశ్‌పాండేలు మొదట్లో సర్కారు కోసం శిస్తు వసూలు చేసిపెట్టేవాళ్లు. 1860లలో నిజాం ప్రధానమంత్రి మొదటి సాలార్ జంగ్ ఆ పద్ధతి తీసేసి సర్కారే నేరుగా వసూలు చేసుకునేట్టు ఏర్పాటు చేశాడు. పాత పని పోయినందుకు వాళ్లకు ఏటా రుసుం ఇచ్చారు. భూముల సర్వే జరిగేనాటికి ఊరి లెక్కలు వాళ్ల చేతుల్లోనే ఉన్నాయి కాబట్టి మంచి మంచి భూములు వాళ్ల పేర్ల మీదికి ఎక్కాయి. తాతల నాటి నుంచి దున్నుతున్న రైతు తన పొలంలోనే కౌలుదారయ్యాడు. విస్నూరు దేశ్‌ముఖ్ కింద 40 వేల ఎకరాలు ఉండేవని ఉద్యమ చరిత్ర రాసినవాళ్లంతా చెబుతారు. జన్నారెడ్డి ప్రతాపరెడ్డి కింద లక్షన్నర ఎకరాలు. గడీలు లేచింది ఈ భూముల మీద.

ఇంత ఇల్లు, ఇంత పొలం జీతాలిచ్చి నడిపితే గిట్టదు. కూలి ఇవ్వకుండా చేయించుకునే వెట్టి అందుకే. మాదిగ ఇండ్ల నుంచి రోజూ మనిషి పోవాలి, చెప్పులు కుట్టాలి, కబుర్లు మోయాలి, బావి దగ్గర మోటకు తోలు పని చేయాలి. చాకలి బట్టలుతకాలి, గిన్నెలు తోమాలి, రాత్రి దివిటీ పట్టాలి. కుమ్మరి కుండలు, గౌండ్ల కల్లు, గొల్లల గొర్రెలు, సాలెల బట్టలు, అన్నీ ఊరికే. దొర బండి కదిలితే ముందు కొందరు, వెనక కొందరు పరుగెత్తాలి. గడీ ముందు నుంచి పోయేవాడు చెప్పులు విడిచి చేత పట్టుకోవాలి. దొర బిడ్డకు పెండ్లయితే ఆమె వెంట ఆడపిల్లలను పనికి పంపేవారు. వాళ్లను ఆడబాపలనేవారు. వాళ్ల మీద జరిగినవి ఇక్కడ రాయను, చదివేవాళ్లకు అర్థమవుతుంది. వెట్టి చేయించకూడదని 1920లలోనే నిజాం ఫర్మానా ఇచ్చాడు. 1930లో జోగిపేటలో మొదలైన ఆంధ్ర మహాసభ ఏళ్ల తరబడి తీర్మానాలు చేసింది. ఊళ్లలో మాత్రం గడీ మాటే చెల్లింది.

అది చెల్లకుండా పోయిన తీరు కూడా చెప్పాల్సిందే. 1946 జులై 4న కడవెండిలో ఊరేగింపుగా పోతున్న సంఘం (ఆంధ్ర మహాసభ) జనం మీద విస్నూరు దేశ్‌ముఖ్ మనుషులు తుపాకులు పేల్చారు. దొడ్డి కొమరయ్య అక్కడే చనిపోయాడు. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తాను కౌలుకు చేస్తున్న పొలంలో పంటను విస్నూరు దొరకు దక్కనివ్వలేదు. ఆ ఐలమ్మ పేరే 2024లో కోఠీలోని మహిళా విశ్వవిద్యాలయానికి పెట్టుకున్నాం. 1949 ఆగస్టు 15న జాగీర్లు రద్దయ్యాయి, 1950లో కౌలు చట్టం వచ్చింది. అయినా మా వైపు గడీలు ఇంకో తరం దాకా కదల్లేదు. 1978 సెప్టెంబర్ 7న జగిత్యాలలో వేలాది మంది రైతు కూలీలు కదిలి వచ్చి జైత్రయాత్ర చేశారు. మరుసటి నెలలోనే జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు. దొరలు ఒక్కొక్కరే పట్నం చేరారు. గడీలకు తాళాలు పడ్డాయి.

రేపు మీ హోటల్ బ్రోచర్‌లో ఈ ఇల్లు ఎప్పుడు కట్టారో రాస్తారు, టేకు ఎక్కడి నుంచి వచ్చిందో రాస్తారు. ఎందుకు పాడుబడిందో కూడా రాయాలి కదా. కాలం మహిమ వల్ల పాడుబడలేదు. ఫలానా ఏడాది, ఫలానా కారణంతో, ఫలానా జనం కదలడంతో అందులోంచి మనుషులు వెళ్లిపోయారు. అతిథి ఆ రాత్రి పడుకునే గది ఖాళీగా దొరకడానికి కారణం ఆ చరిత్రే.

హెరిటేజ్ హోటళ్లకు కేంద్ర పర్యాటక శాఖ వర్గీకరణ ఒకటుంది. 1950కి ముందు కట్టిన కోటలు, హవేలీలు, ఇండ్లు ఈ కిందికి వస్తాయి. కట్టడమూ వాతావరణమూ ఆ ప్రాంతపు సంప్రదాయ జీవన విధానానికి తగ్గట్టు ఉండాలని అందులో అడుగుతారు. మంచిదే. కానీ ఒక ఊళ్లో సంప్రదాయ జీవనమంటే గవని లోపల ఒకటి, గవని బయట ఒకటి. తనిఖీకి వచ్చేవాళ్లు ముఖద్వారం, ఫర్నిచర్, వంటకాలు చూస్తారు. బయటివాళ్ల జీవితం ఇక్కడ కనబడుతోందా అని అడిగే ప్రశ్న వాళ్ల ఫారంలో లేదు. కేంద్రం మార్చేదాకా ఆగాల్సిన పని లేదు. రాష్ట్రం తన లీజు షరతుల్లోనే ఈ ప్రశ్న చేర్చుకోవచ్చు.

ఫలక్‌నుమా ఉంది కదా, అదే దారిలో పోదాం అనేవాళ్లు ఉన్నారు. ఫలక్‌నుమా మరమ్మతు నిజంగా గొప్ప పని, దాని మీద నాకు గౌరవం ఉంది. 1884లో పాయిగా అనే కులీన వంశపు నవాబు వికార్-ఉల్-ఉమ్రా పునాది వేసి కట్టించిన మహలు, తర్వాత ఆరో నిజాం చేతికి వచ్చింది, దశాబ్దాలు మూతపడి ఉంది, పదేళ్ల మరమ్మతు తర్వాత 2010లో తాజ్ హోటల్‌గా తెరిచారు. 101 మంది ఒకేసారి కూర్చునే భోజనాల బల్ల గురించి తెలియనివాళ్లు లేరు. అక్కడ అతిథిని గుర్రపు బగ్గీలో తీసుకుపోయి గులాబీ రేకులు చల్లుతారు. నగరంలో, కొండ మీద, ఒక నవాబు విలాసపు మహల్లో అది నడుస్తుందేమో. అక్కడ కూడా ఆ డబ్బు ఊళ్ల నుంచి వచ్చిందే. వికారాబాద్‌కు ఆ పేరు ఈ నవాబు వల్లే వచ్చిందని ఎంతమందికి గుర్తుంది? అయినా ఫలక్‌నుమా కింద బస్తీలో ఉన్నవాళ్లెవరికీ ఆ మెట్ల మీద తమ నాయినమ్మ కనబడదు. మా ఊరి గడీకి, మా వాడకు మధ్య దూరం పిలిస్తే పలికేంత. వెట్టి చేసినవాళ్ల మనుమలు, మనుమరాళ్లు ఆ గోడ పక్కనే కాపురం ఉంటున్నారు. హోటల్ పనికి పోయేది కూడా వాళ్లే. తలపాగా చుట్టించి, నడుము వంచి, అతిథికి "దొరా" అని దండం పెట్టించి దాన్ని స్వాగతమని పిలిస్తే మేం ఎట్లా చూడాలి? "ఒక్కరోజు దొర" లాంటి ప్యాకేజీ ఏ గడీలోనూ పెట్టకూడదు. "బాంచన్ దొరా, కాల్మొక్త" అన్న మాట నోటి నుంచి పోవడానికి ఈ నేల మీద వేలమంది ప్రాణాలు పోయాయి.

ఇంగ్లండ్‌లో ఊరి బయట పెద్ద పెద్ద ఎస్టేట్ భవనాలు హోటళ్లుగా మారడం చాలా ఏళ్ల నుంచి ఉంది. అక్కడి నుంచి నేర్చుకోదగింది ఏమైనా ఉందా అని వెతికితే నాకు క్లివ్‌డెన్ కనబడింది. థేమ్స్ ఒడ్డున, 1666లో బకింగ్‌హామ్ డ్యూక్ మొదలుపెట్టిన ఇల్లది. రెండుసార్లు కాలిపోతే ఇప్పుడున్న భవనాన్ని 1851లో చార్లెస్ బ్యారీ కట్టాడు. 1893లో ఆస్టర్ కుటుంబం కొన్నది. బ్రిటిష్ పార్లమెంటులో కూర్చున్న మొదటి మహిళ నాన్సీ ఆస్టర్ ఆ ఇంటి ఇల్లాలే. 1942లో వాళ్లు దాన్ని వారసత్వ కట్టడాలను కాపాడే నేషనల్ ట్రస్టుకు రాసిచ్చారు. 1980ల మధ్య నుంచి ఆ భవనంలో హోటల్ నడుస్తోంది. ఇక్కడ గమనించాల్సింది ఆస్తి ఎవరిదన్నది. ట్రస్టు అమ్ముకోలేదు, లీజుకిచ్చింది. ఎకరాలకొద్దీ ఉన్న తోటలు ట్రస్టు చేతిలోనే ఉన్నాయి, ఎవరైనా టికెట్ కొని లోపలంతా తిరగొచ్చు. హోటల్లో గది తీసుకునే స్తోమత లేని మనిషికి కూడా ఆ చోటు మీద హక్కు మిగిలింది. 1961లో అదే ఎస్టేట్ ఈత కొలను దగ్గర యుద్ధ శాఖ మంత్రి జాన్ ప్రొఫ్యూమో, క్రిస్టీన్ కీలర్ అనే యువతి కలుసుకోవడం తర్వాత పెద్ద కుంభకోణమై మంత్రి రాజీనామా దాకా పోయింది. ఆ కథ చెప్పుకుంటే హోటల్‌కు గిరాకీ తగ్గుతుందని ఎవరూ దాచలేదు.

దానికంటే కష్టమైన పని నేషనల్ ట్రస్టు 2020 సెప్టెంబర్‌లో చేసింది. తన చేతిలో ఉన్న కట్టడాల్లో 93 చోట్లకు వలస పాలనతోనో, బానిస వ్యాపారంతోనో ఉన్న సంబంధాన్ని విప్పి ఒక నివేదిక బయటపెట్టింది. కొందరు ఎంపీలు, పత్రికలు విరుచుకుపడ్డాయి. పాత వైభవాన్ని చూద్దామని వచ్చేవాళ్లకు ఇవన్నీ ఎందుకన్నారు. ట్రస్టు నివేదికను వెనక్కి తీసుకోలేదు.

అమెరికాలో లూసియానా సంగతి ఇంకా మనకు దగ్గర. నాటోవే అని ఒక చెరకు తోటల యజమాని 1859లో కట్టించుకున్న తెల్లని మహలు ఉండేది. దక్షిణ రాష్ట్రాల్లో అంతర్యుద్ధానికి ముందు కట్టినవాటిలో మిగిలిన అతి పెద్ద భవనమని పేరు. ఆ యజమాని కింద 155 మంది బానిసలుండేవారు. తర్వాత అది రిసార్టయింది. పెళ్లిళ్లకు చాలా పేరు పొందింది. చెట్ల గురించీ, వాస్తు శిల్పం గురించీ చెప్పినంతగా ఆ 155 మంది గురించి అక్కడ చెప్పలేదని ఏళ్లుగా విమర్శ ఉండేది. 2019 చివర్లో పింటరెస్ట్, ఇంకా కొన్ని పెళ్లి వెబ్‌సైట్లు ఇలాంటి తోటల్లో పెళ్లిళ్లను ప్రచారం చేయకుండా తగ్గించుకుంటామని ప్రకటించాయి. 2025 మే 15న నాటోవే కాలిపోయింది. బానిసల వారసుల్లో చాలామంది ఆ మంటలను చూసి ఊపిరి పీల్చుకున్నట్టు బహిరంగంగానే రాశారు. అక్కడే, అదే మిసిసిపి నది వెంట, విట్నీ అనే మరో తోట ఉంది. దాన్ని 2014లో మ్యూజియంగా తెరిచారు. అక్కడ కథ యజమానిది కాదు, బానిసలది. వాళ్ల పేర్లు రాతి మీద చెక్కి గోడలు కట్టారు. ప్రపంచం నలుమూలల నుంచి జనం వస్తున్నారు.

ఒకే నది పక్కన ఉన్న ఈ రెండు ఇండ్ల గురించి చదివినప్పుడు నాకు మా గడీ పెరడే కళ్లలో మెదిలింది. చరిత్ర దాస్తే ఆ చోటు మీద పక్కవాళ్లకు ప్రేమ పుట్టదు. ప్రేమ లేని కట్టడానికి నిప్పంటుకుంటే నీళ్లు పట్టుకుని పరుగెత్తేదెవరు? హోటల్ యజమానులు దీన్ని వ్యాపారపు లెక్కగా తీసుకున్నా నాకు అభ్యంతరం లేదు. ఊరి సహకారం లేకుండా ఏ గడీలోనూ హోటల్ నడవదు.

ఇక గడీల పెళ్లిళ్ల మాట. డెస్టినేషన్ వెడ్డింగ్‌లకే గడీలు బాగుంటాయని ఈవెంట్లు చేసే మిత్రులు నాతో అన్నారు. పెళ్లి వద్దనే హక్కు నాకు లేదు. ఒకప్పుడు దొరింట్లో పెళ్లయితే ఊరు ఊరంతా కట్నకానుకలు, వెట్టి మోసింది. అదే వాకిట్లో ఈనాడు ఊరి పిల్ల పెళ్లి జరిగితే అంతకన్నా మంచి మాట ఏముంటుంది? అందుకే అడుగుతున్నాను, ఏడాదిలో కొన్ని రోజులైనా ఆ వాకిలి ఊరివాళ్లకు, వాళ్లు భరించగలిగే అద్దెకు ఇవ్వాలని షరతు పెట్టండి. బతుకమ్మ ఆడే తొమ్మిది రోజులూ గవని తలుపు తెరిచి ఉంచండి. సద్దుల నాడు వాకిలి నిండా బతుకమ్మలు పేరిస్తే మీ అతిథులే చూసి మురిసిపోతారు.

గడీల వారసులకు ఒక మాట. మీ తాతలు చేసినదానికి మిమ్మల్ని బోనెక్కించాలని నాకు లేదు. మీలో చాలామంది ఆ ఇంట్లో పుట్టకుండానే పట్నంలోనో అమెరికాలోనో పెరిగినవాళ్లు. గడీ మరమ్మతు మీ సొంత డబ్బుతో చేయిస్తున్నవాళ్లూ ఉన్నారు. దోమకొండ కోటను వారసులే నిలబెట్టుకుంటే 2022లో యునెస్కో ఆసియా–పసిఫిక్ వారసత్వ పురస్కారం వచ్చింది, మన రాష్ట్రమంతా సంతోషించింది. భూస్వామ్య కుటుంబాల్లోంచే ఎదురు తిరిగినవాళ్లు కూడా వచ్చారు. రావి నారాయణరెడ్డి అలాంటి ఇంట్లోనే పుట్టి సంఘం నడిపి, 1952లో నల్గొండ నుంచి నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లతో గెలిచాడు. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో వినోబా భావే అడిగితే వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇస్తానని లేచి నిలబడ్డాడు, భూదాన ఉద్యమం అక్కడే మొదలైంది. మీ ఇంటి పాత కాగితాలు, ఖాతా పుస్తకాలు, ఫొటోలు ఉంటే దాచిపెట్టకండి. వాటిలో దొరల పేర్లే కాదు, ధాన్యం కొలిచినవాళ్లవి, నాగులకు, అంటే వడ్డీ మీద అప్పుగా, గింజలు తీసుకున్నవాళ్లవి, జీతగాళ్లవి కూడా ఉంటాయి. అవి మాకు ఇంకెక్కడా దొరకవు. ఆ పుస్తకాలను తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌కు ఒక ప్రతి ఇస్తే చాలు, అసలు మీ దగ్గరే ఉంచుకోండి.

పేర్ల గురించి అధికారులకు కూడా చెప్పాలి. ఊరి జనం పేర్లు కాగితాల మీద ఎక్కడ ఉంటాయంటే కొన్ని చోట్ల ఉన్నాయి. 1950 కౌలు చట్టం కింద తయారైన రక్షిత కౌలుదారుల రిజిస్టర్లు, 1954–55 ఖాస్రా పహాణీ. భూమి తగాదాలకు మనం రోజూ తిరగేసే కాగితాలే. వాటిలోంచి ఒక్కో గడీ కింద దున్నిన మనుషుల పేర్లు తీసి గడీ వాకిట్లో రాతి మీద రాయొచ్చు. పెద్ద ఖర్చు కాదు. సెంటు భూమి కూడా లేనివాళ్ల పేర్లు మాత్రం వాటిలో దొరకవు. రోళ్ల దగ్గర దంచినవాళ్లవి, దివిటీ పట్టినవాళ్లవి, ఆడబాపలవి ముసలివాళ్ల నోళ్లలోనే ఉన్నాయి.

మరమ్మతు ఎట్లా చేయాలో నిపుణులు చెబుతారు, నేను ఎక్కువ మాట్లాడను. సిమెంటు మాత్రం వద్దు. గడీలు డంగు సున్నంతో కట్టినవి. సున్నం, ఇసుక గానుగలో రోజుల తరబడి రుబ్బి, బెల్లం నీళ్లు, కరక్కాయ రసం కలిపి వేసిన గోడలు తేమను పీల్చి వదులుతాయి. వాటి మీద సిమెంటు పూస్తే తేమ లోపలే చిక్కుకుని గోడ ఉబ్బి పెళ్లలు పెళ్లలుగా రాలుతుంది. ఊళ్లో గుళ్లకు సిమెంటు పూసి ఏం జరిగిందో అందరం చూశాం. సున్నం పని తెలిసిన మేస్త్రీలు ఇంకా కొద్దిమంది మిగిలారు. హోటల్ మరమ్మతు పేరుతో ఊరి కుర్రాళ్లు వాళ్ల దగ్గర నాలుగు నెలలు పని నేర్చుకుంటే వచ్చే గుడి పనికి, కోట పనికి కూడా వాళ్లు అక్కరకొస్తారు.

పని సంగతికొస్తే, ఊరివాళ్లకు ఉద్యోగాలిస్తాం అని ప్రతి ప్రాజెక్టులోనూ రాస్తారు. ఏ ఉద్యోగాలో రాయరు. ఊడ్చేవి, తోమేవి, బట్టలుతికేవి మాత్రమే ఊరికి వదిలి, కౌంటర్ దగ్గర, ఆఫీసులో, వంటశాలలో పైనున్న పనులన్నీ బయటివాళ్లకిస్తే ఆ గడీలో కులం లెక్క మళ్లీ మొదటికొస్తుంది. చదువుకున్న పిల్లలు మా ఊళ్లో ఉన్నారు, హోటల్ మేనేజ్‌మెంట్ చేసినవాళ్లూ ఉన్నారు. గడీ చరిత్ర చెప్పే గైడ్ పని తప్పకుండా ఊరివాళ్లకే ఇవ్వాలి, అదీ కడుపు నిండే జీతానికి. ఒకప్పుడు చెప్పులు చేత పట్టుకుని నడిచినవాడి మనుమరాలు ఆ కచ్చేరి అరుగు మీద నిలబడి, అతిథులకు మైకులో ఈ కథ తనే చెప్పాలి. చెప్పేటప్పుడు ఎక్కడ గొంతు పెంచాలో ఆమెకు ఎవరూ నేర్పక్కర్లేదు.

పెరళ్ల విషయం మళ్లీ అడుగుతున్నాను. గరిసెలు, రోళ్లు, మోటబావి, పనివాళ్లు లోపలికి వచ్చే వెనక దర్వాజ, శిక్షలు వేసిన చోటు ఊళ్లో తెలిస్తే అది కూడా, ఇవన్నీ నడిమిల్లుతో సమానంగా రక్షించాల్సిన భాగాలని లీజుకు ముందే పటం గీసి గుర్తించండి. రాష్ట్రంలో 2017 నుంచి వారసత్వ చట్టం ఉంది. రక్షణ జాబితాలో కట్టడాన్ని చేర్చేటప్పుడు ముఖద్వారం కొలతలతో పాటు ఈ పెరడు కొలతలు కూడా రాయించండి.

నేను చెప్పినవన్నీ ఒప్పుకోకపోయినా ఒక్క పని మాత్రం ఆలస్యం చేయకండి. వెట్టిని కళ్లారా చూసినవాళ్లు, చిన్నపిల్లలుగా తల్లి వెంట గడీకి పోయినవాళ్లు ఇప్పుడు ఎనభై అయిదు దాటి ఉన్నారు. ప్రతి గడీ ఊళ్లో అలాంటివాళ్లు కొద్దిమందే మిగిలారు. లీజు టెండర్ పిలవకముందే, కొలతలు తీసే ఇంజనీర్లతో పాటు ఒక రికార్డర్ పట్టుకున్న మనిషిని కూడా పంపండి. విశ్వవిద్యాలయాల్లో చరిత్ర చదివే పిల్లలకు ఆ పని అప్పగించొచ్చు, తెలంగాణ యాస అర్థమయ్యేవాళ్లను చూసి పంపండి. ఆ తర్వాత గ్రామసభ పెట్టండి. లీజు పత్రం తెలుగులో రాసి, పంచాయతీ ఆఫీసు గోడకు నెల రోజులు అంటించి ఉంచండి. షరతుల్లో ఏముందో ఊరంతా చదివాక, ఊరి మాట విన్నాక సంతకాలు చేసుకోండి.

ఇట్లు,
గడీ ఉన్న ఒక ఊరి బిడ్డ